చీటీ లేకుండా మందు అడిగితే: మా ఊరి మెడికల్ షాపు

మాది నెల్లూరు జిల్లాలో పొదలకూరు వైపు నిమ్మతోటల మధ్య ఉన్న చిన్న ఊరు. జ్వరం వచ్చినా, ఒళ్ళు నొప్పులు పట్టుకున్నా మావాళ్ళు మొదట వెళ్ళేది బస్సు ఆగే చోట ఉన్న మెడికల్ షాపుకే. నెల్లూరు వెళ్ళి చూపించుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఆ షాపు ఫార్మసిస్టును ఊరంతా డాక్టరు గారనే పిలుస్తుంది. ఆయన మాత్రం తాను డాక్టరును కానని ప్రతిసారీ ఓపికగా చెబుతారు.

నిరుడు మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు బిళ్ళలు ఇవ్వమని అడిగితే, రోజూ ఏ మందులు వాడుతున్నారో ముందు చెప్పమన్నారు. బీపీ బిళ్ళలు వాడుతోందని తెలిసి, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయని, మూత్రపిండాలకూ చేటు చేస్తాయని వివరించి, రెండు రోజులకు పారాసెటమాల్ ఇచ్చి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమన్నారు. "డబ్బులిస్తామన్నా మందివ్వడేంది నాయనా" అని అమ్మ కోపంతో వెళ్ళి, మరొకచోట పేరూ తేదీ లేని బిళ్ళల పొట్లం కట్టించుకుంది. వారం తిరగకముందే కాళ్ళు వాచాయి, బీపీ కూడా బాగా పెరిగింది. అప్పటినుంచి ఆమెకు ఈయన మాటంటే గురి.

యాంటీబయాటిక్‌ల విషయంలోనూ ఆయన అంతే కచ్చితంగా ఉంటారు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల ప్రభుత్వ జాబితా) ప్రకారం సెఫిక్సిమ్ వంటి మందులు అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నదీ వేరే రిజిస్టరులో రాసి, దానిని 3 ఏళ్ళు భద్రపరచాలి. ఆ రిజిస్టరు కౌంటరు మీదే కనిపిస్తుంది. చీటీ లేదని వెనక్కి పంపితే చాలామంది దానిని గీరగా భావిస్తారు. నిజానికి అది మన మేలు కోరి చేసే పని.

బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టులు 2006 నుంచి స్వయంగా మందులు రాస్తున్నారు. మన దేశంలో వారికి ఆ అధికారం లేదు. ఇంత జాగ్రత్త గల వ్యక్తికి, తగిన శిక్షణ ఇచ్చి, బీపీ, షుగరు బిళ్ళలు కొనసాగించేపాటి అధికారమైనా ఇస్తే మా ఊళ్ళకు ఎంతో మేలు జరుగుతుందని నా అభిప్రాయం. అయితే ఫార్మసిస్టు లేకుండా కుర్రవాళ్ళే నడిపే షాపులకు అదే అధికారం దక్కుతుందేమోనన్న భయం కూడా నాకు గట్టిగానే ఉంది.

బిళ్ళలు విడిగా కత్తిరించినా గడువు తేదీ ఉన్న ముక్కను ఆయన మనకే ఇస్తారు. చదువురాని వారికి కవరు మీద పూటకొక గీత గీసి చూపిస్తారు. ధరలో తగ్గింపేమీ ఉండదు. ఆదివారం షాపు తెరవకపోవడం మాత్రం నిజంగా ఇబ్బందే. అక్కడికి వెళ్ళేవారు పాత చీటీతో పాటు వాడుతున్న బిళ్ళల స్ట్రిప్పులు కూడా తీసుకువెళ్ళండి. అవి చూడకుండా ఆయన కొత్త మందు చేతిలో పెట్టరు.