సెన్సార్‌షిప్‌ను దాటించే సాఫ్ట్‌వేర్లు: టార్ బ్రౌజర్, సైఫన్, ఔట్‌లైన్

ఇంటర్నెట్ సెన్సార్‌షిప్‌ను దాటించే సాధనాల సమీక్షల్లో వేగానికి దక్కే ప్రాధాన్యం అతిగా ఉంటుంది. సెన్సార్‌షిప్ లేని నెట్‌వర్క్‌లో కొలిచిన వేగం, అది ఉన్న నెట్‌వర్క్‌లో చిక్కుకున్నవారికి దేనికీ పనికిరాదు. ఒక దారి మూసుకుపోతే ఆ సాధనం మరో దారి వెతకగలదా, వాడినవారి వివరాలు చివరికి ఎవరి చేతిలో ఉంటాయి అనే రెండు ప్రశ్నలతోనే ఈ మూడింటినీ పరిశీలించాను.

ఈ రెండు ప్రశ్నలకూ చాలాకాలంగా సమాధానం వెతుకుతున్నది టార్ బ్రౌజర్. మీ డేటాను తన సర్వర్ గుండా పంపే సాధారణ వీపీఎన్‌లో మీరెవరో, ఏ సైట్‌కు వెళ్తున్నారో ఒకే సంస్థకు తెలుస్తుంది. టార్ మాత్రం ప్రతి అభ్యర్థననూ మూడు రిలేల, అంటే మధ్యవర్తి సర్వర్ల, గుండా పంపుతుంది కాబట్టి, మొదటి రిలేకు మీ చిరునామా తెలిసినా గమ్యం తెలియదు, చివరిదానికి గమ్యం తెలిసినా మీరెవరో తెలియదు. అయితే ఈ రిలేల జాబితా బహిరంగమే కనుక ప్రభుత్వాలు దాన్ని మొత్తంగా అడ్డుకోగలవు. అందుకే జాబితాకెక్కని రిలేలు, అంటే బ్రిడ్జిలు, వచ్చాయి. వాటి ట్రాఫిక్ (డేటా రాకపోకల) తీరును కూడా పసిగట్టడం మొదలయ్యాక, దాన్ని అర్థంలేని యాదృచ్ఛిక డేటాలా మార్చే ఓబీఎఫ్ఎస్4 అనే పద్ధతి వచ్చింది. దేనినీ పోలని ట్రాఫిక్ కూడా అనుమానానికి తావిస్తుందని తేలడంతో, మామూలు హెచ్‌టీటీపీఎస్ వెబ్‌సైట్‌లా కనిపించే వెబ్‌టన్నెల్ 2024లో అందుబాటులోకి వచ్చింది. వీటిలో నాకు బాగా నచ్చింది స్నోఫ్లేక్. స్వచ్ఛంద సేవకులు తమ బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే చాలు, వారి కంప్యూటరే తాత్కాలిక ప్రాక్సీ (మధ్యవర్తి) అవుతుంది. వీడియో కాల్స్‌కు వాడే వెబ్‌ఆర్‌టీసీ ద్వారానే డేటా నడుస్తుంది కనుక దాన్ని పూర్తిగా అడ్డుకుంటే కాల్స్ కూడా దెబ్బతింటాయి. 2022లో ఇరాన్‌లో నిరసనలు చెలరేగినప్పుడు దీని వాడకం ఒక్కసారిగా పెరిగింది. అవతలివారు బ్రౌజర్ మూసేస్తే మాత్రం కనెక్షన్ తెగి, మరో ప్రాక్సీ దొరికేదాకా ఆగాలి. వార్తలు చదవడానికి ఫరవాలేదు గానీ పెద్ద ఫైళ్లకు ఇది తగదు.

ఇదంతా ఒకప్పుడు సెట్టింగుల లోతుల్లో దాగి ఉండేది. 2022 నాటి 11.5 వెర్షన్ నుంచి, టార్‌కు నేరుగా కనెక్ట్ కాలేనప్పుడు బ్రౌజరే ఆ దేశానికి తగిన బ్రిడ్జిని ఎంచి పెడుతుంది. ఎన్నేళ్ల ముందో రావలసిన సౌకర్యం ఇది. మిగిలిన చిక్కులు తెలిసినవే: పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటాయి, మనిషేనని నిరూపించుకోమనే క్యాప్చాలు విసిగిస్తాయి, కొన్ని సైట్లు టార్ నుంచి వచ్చేవారిని రానివ్వవు. సొంత పేరున్న ఖాతాలో లాగిన్ అయితే ఆ సైట్‌కు మీరెవరో తెలిసిపోతుందని వేరే చెప్పనక్కర్లేదు.

టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌లో మొదలై 2006లో విడుదలైన సైఫన్ అంతకంటే చాలా సులువు. ఒక్క బటన్ నొక్కితే అది రకరకాల పద్ధతులను ప్రయత్నించి, పనిచేసినదాన్ని పట్టుకుంటుంది. కానీ ఇది దారి చూపే సాధనమే తప్ప దాచే సాధనం కాదు. నిఘా నుంచి కాపాడడం తన పని కాదని తయారీదారులే స్పష్టంగా చెబుతారు. ఆ నిజాయితీని మెచ్చుకుంటాను, అయినా నిఘా భయం ఉన్నవారికి దీన్ని సూచించలేను.

గూగుల్ అనుబంధ సంస్థ జిగ్‌సా 2018లో తెచ్చిన ఔట్‌లైన్ దారి వేరు. ఎవరో ఒకరు సర్వర్ అద్దెకు తీసుకుని, యాక్సెస్ కీలను నమ్మకస్తులకు పంచుతారు. ఇది ఆధారపడే షాడోసాక్స్ అనే ప్రాక్సీ పద్ధతి పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను పంపుతుంది. సరిగ్గా అలాంటి ట్రాఫిక్‌నే 2021 నవంబరు నుంచి చైనా గుర్తించి ఆపడం మొదలుపెట్టింది. దాంతో ఔట్‌లైన్ కనెక్షన్ మొదట్లో వేరే ప్రోటోకాల్‌ను (డేటా మార్పిడి పద్ధతిని) పోలిన కొన్ని బైట్లను చేర్చే వీలు కల్పించింది. చిన్న వార్తాసంస్థలకు, స్నేహబృందాలకు ఇది చక్కగా సరిపోతుంది, సర్వర్ నడిపే వ్యక్తి మీద పూర్తి నమ్మకం ఉంటేనే.

ఇంటర్నెట్‌ను మొత్తంగా ఆపేస్తే ఈ మూడింటిలో ఏదీ పనిచేయదు. కొన్ని దేశాల్లో ఇలాంటి యాప్ ఫోన్‌లో కనిపించడమే ప్రమాదం కనుక అక్కడి చట్టాన్ని ముందే తెలుసుకోవాలి.

టార్ వెబ్‌సైటే మూతపడిన చోట గెట్‌టార్ అనే సేవకు ఈమెయిల్ పంపితే డౌన్‌లోడ్ లింకులు వస్తాయి. ఇతర చోట్ల దొరికే కాపీలను డిజిటల్ సంతకం (ఫైలు అసలైనదేనని చూపే గుర్తు) సరిచూడకుండా తెరవకూడదు; అయితే ఆ సరిచూసే పద్ధతి ఇప్పటికీ కమాండ్ లైన్ తెలిసినవారికే మింగుడుపడేలా ఉంది, టార్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.