లేన్ గీసిన రాతి తీరం: పెన్సిల్ రేఖ, తైలవర్ణం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్లాస్టర్ అనే రేవు పట్టణంలో 1804లో జన్మించిన ఫిట్జ్ హెన్రీ లేన్, బాల్యంలోనే కాళ్ల సత్తువ కోల్పోయి, చేతికర్రల ఊతంతో తిరుగుతూనే ఆ రాతి తీరాన్ని 1865లో మరణించేవరకు చిత్రించాడు. ఒకే తీరాన్ని ఆయన పెన్సిల్‌తో గీసిన తీరు, తైలవర్ణాలతో వేసిన తీరు ఎంతో భిన్నమైనవి.

పెన్సిల్ చిత్రంలో నీరు దాదాపు ఖాళీ కాగితమే. చూపంతా బండల అంచుల మీద, పగుళ్ల మీద, దూరపు గట్టు వంపు మీద నిలుస్తుంది. బోస్టన్‌లోని లితోగ్రఫీ (రాతిపలక మీద బొమ్మ గీసి అచ్చువేసే పద్ధతి) ముద్రణశాలలో పొందిన శిక్షణ వల్లనే కాబోలు, ఆ గీతల్లో తడబాటు కనిపించదు. తీరం ఒక కాగితంలో ఇమడకపోతే మరొకటి జతచేసి, రేవును ఈ కొస నుంచి ఆ కొస వరకు సాగదీసేవాడు. మిత్రుడు జోసెఫ్ స్టీవెన్స్ తర్వాత వాటిలో అనేకం మీద స్థలం పేరు, వెంట ఉన్నవారి పేర్లు రాసిపెట్టడం మన అదృష్టం.

తైలవర్ణ చిత్రానికి వస్తే, సుమారు 1864 నాటి 'బ్రేసెస్ రాక్'లో బండకన్నా వెలుతురే ప్రధానం. కదలని నీరు, ఒడ్డున శిథిలమైన పడవ మనసును కలచివేస్తాయి.

ఆ వెలుతురును పెన్సిల్ ఇవ్వలేదు. అయినా బండ ఆకృతిని తెలుసుకోవాలంటే నేను పెన్సిల్ చిత్రాన్నే ఎంచుకుంటాను. గ్లాస్టర్‌లోని కేప్ ఆన్ మ్యూజియంలో లేన్ రేఖాచిత్రాలు, తైలవర్ణ చిత్రాలు రెండూ ఉన్నాయి.