శంషాబాద్ నుంచి ఏ విమానం? హనుమకొండ నుంచి వెళ్లేవాళ్ల కోసం

2008లో బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మారినప్పటి నుంచి అక్కడి నుంచే తిరుగుతున్నాం. తమ్ముడు దోహాలో, బిడ్డ డాలస్‌లో ఉంటారు కాబట్టి గల్ఫ్ రూటు, అమెరికా రూటు రెండూ బాగా అలవాటే.

గల్ఫ్‌కైతే మనకు ఏ లోటూ లేదు. దుబాయ్, దోహా, అబుదాబి, షార్జా అన్నిటికీ నేరుగా విమానాలున్నాయి, నాలుగు గంటలు అటూ ఇటూ. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి పనికి పోయేవాళ్లు ఏళ్ల తరబడి నింపుతున్న రూటు ఇది.

అమెరికాకే కష్టం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకు నేరుగా మొదలుపెడితే ఎంత సంబరపడ్డామో, అది నిలబడలేదు. ఇప్పుడు ఎక్కడో ఒక చోట మారాల్సిందే. డాలస్‌కు ఖతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా, ఎమిరేట్స్‌లో దుబాయ్ మీదుగా ఒక్కసారి మారితే చాలు. నా ఓటు దోహాకే, అంతా ఒకటే టెర్మినల్, ఇంగ్లిష్ రాని అమ్మలు కూడా బోర్డులు చూసుకుంటూ వెళ్లిపోతున్నారు. పిల్లలు చికాగో, న్యూయార్క్ వైపు ఉంటే ఎతిహాద్ విమానం చూడండి, అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక ఆ పెద్ద లైన్ ఉండదు. కాకపోతే మధ్యలో మూడు గంటలైనా ఉండేలా టికెట్ తీసుకోండి.

చవక అని రెండు వేర్వేరు టికెట్లు మాత్రం కలపొద్దు. మధ్యలో సామాను మీరే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, మొదటి విమానం లేటైతే రెండోదానివాళ్లకు సంబంధం లేదంటారు, పెద్దవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు? ఇంకోటి, బుకింగ్‌లో మీ సొంత నంబరే ఉందో లేదో చూసుకోండి. ఒకసారి మా విమానం టైమ్ మారిందన్న మెసేజ్ ఏజెంట్ ఫోన్‌కే వెళ్లింది, ఆయన మాకు చెప్పనే లేదు. మోకాళ్ల నొప్పులుంటే టికెట్ అప్పుడే వీల్‌చెయిర్ అడగండి, మొహమాటపడొద్దు.

ఇక టైమ్. హనుమకొండ నుంచి జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే 160 కిలోమీటర్లకు పైనే, మూడు గంటలు పడుతుంది. పోయేటప్పుడు తెల్లవారుజాము విమానమైతే రాత్రి అన్నం తిని బయల్దేరొచ్చు. వచ్చేటప్పుడు మాత్రం పొద్దున ఏడు తర్వాత దిగేదే తీసుకోండి, నాలుగు వేలు ఎక్కువైనా సరే, రాత్రి రెండింటికి దిగితే కారు డ్రైవర్ కునికిపాట్లు పడుతుంటాడు.