జనం వెళ్లని చోట్లకి వంద సీసీ బండి చాలా? ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నా

శ్రీకాకుళంలో రెండు రోజులు సెలవు దొరికితే ఎవరైనా అరకు అంటారు, లేదా వైజాగ్ బీచ్ అంటారు. నాకు ఆ రద్దీ పడదు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే వంద సీసీ బండి మీదే చాలా ఏళ్లుగా మన జిల్లా, విజయనగరం, ఒడిశా సరిహద్దు దాటి కొంత దూరం తిరుగుతున్నాను. ఇలా తిరగడానికి పెద్ద బండి కొనాలా అని కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. మన దగ్గర చూడాల్సినవాటిలో చాలావాటికి అక్కర్లేదు, కొన్నిటికి మాత్రం కావాలి.

అక్కర్లేదని ఎందుకంటున్నానంటే, మంచి చోట్లన్నీ హైవే వదిలి ఊళ్లలోంచి, పొలం గట్ల మీంచి వెళ్లే దారుల్లోనే ఉన్నాయి. నౌపడ దగ్గర ఉప్పు మడుల గట్లనే చూడండి, కారు ముందుకెళ్తే వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు. ఈ బండి బరువు నూట పది కేజీల చుట్టుపక్కల ఉంటుంది, ఇరుకు గట్టు మీదైనా ఒక్కడినే ఎత్తి తిప్పుకుంటాను. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం. చలికాలంలో ఆ ఊరి చింతచెట్ల నిండా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి, ఊళ్లోవాళ్లు వాటిని సొంత మనుషుల్లా చూసుకుంటారు. పొద్దున్నే ఊరు చేరి, ఇంజన్ దూరంగానే ఆపేసి, బండి తోసుకుంటూ వెళ్లండి. చెట్ల కింద హారన్ కొట్టొద్దు, గూళ్లలో పిల్లలుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి సీజన్ వేరు, అక్కడికి నత్తలు తినే కొంగలు వానలు మొదలయ్యే జూన్‌లో వస్తాయి.

శాలిహుండం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువసార్లు వెళ్లింది అక్కడికే. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు ఉంటాయి, 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన చోటు అది. ఊరికి ఇంత దగ్గర్లో ఉన్నా మామూలు రోజుల్లో పట్టుమని పదిమంది కనబడరు. పైన నిలబడితే కింద నది సముద్రం వైపు సాగిపోతూ కనిపిస్తుంది, ఆ నదినే పట్టుకుని కళింగపట్నం లైట్‌హౌస్ దాకా వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇంకో రోజు అదే నదికి ఎగువకి, శ్రీముఖలింగం వెళ్లండి. అందరూ మధుకేశ్వరుడి గుడికే వెళ్లి వచ్చేస్తారు, సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాలు తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ. శివరాత్రికి మాత్రం వెళ్లొద్దు, నది నిండా జనమే.

సముద్రం దగ్గర బండికి నిజమైన శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, బారువ తిరిగి వచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి చైన్‌కి ఆయిల్ పెట్టకపోతే స్పోక్స్, సైలెన్సర్ తుప్పు పడతాయి. ఇసుకలో సన్న టైర్లు దిగబడతాయి కాబట్టి గట్టి నేల మీదే ఆపి నడిచి వెళ్తాను.

ఇక లోపాలు. మొదటిది బ్రేకులు. వానాకాలం గెడ్డ (వాగు) దాటాక డ్రమ్ బ్రేకు కాసేపు పట్టదు, మెల్లగా నొక్కుతూ తడి ఆరేదాకా నడపాలి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే వేడెక్కి పట్టు తప్పుతుంది, రెండో గేరులో వదిలితే ఇంజనే బండి వేగాన్ని అదుపు చేస్తుంది. రెండోది లైటు. నాది పాత మోడల్ కావడంతో ఇంజన్ స్లో అయితే లైటు కూడా మసకబారుతుంది. సీతంపేట ఏజెన్సీలో ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం, ఎందుకంటే ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగుల గుంపులు కొన్నేళ్లుగా ఆ చుట్టుపక్కల తిరుగుతున్నాయి. ఒకసారి పైనాపిల్ మోసుకొస్తున్న సవర గిరిజన పెద్దాయన ఒకరు బండి ఆపి, "అటెల్లొద్దు బాబూ, ఏనుగులు దిగినాయి" అన్నారు, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను. అప్పట్నుంచి ఏ ఊరొచ్చినా ముందు అడుగుతాను, నాలుగింటికల్లా కొండ దిగిపోతాను. మీరూ అలాగే చేయండి.

మూడోది శక్తి చాలకపోవడం. మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తు, ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. పైన కుంతి, యుధిష్ఠిరుడు, భీముడి పేర్లతో పిలిచే పాత రాతి గుళ్లున్నాయి, మబ్బులు మన పక్కనుంచే వెళ్తుంటాయి. ఒక్కడినే వెళ్తే బండి నిదానంగా ఎక్కేసింది. వెనక మనిషి, బ్యాగు ఉంటే మాత్రం మొదటి గేరులో మూలుగుతుంది, ఎత్తు ఎక్కువున్న చోట వెనకాయన దిగి నడవాల్సిందే.

మరమ్మతుల విషయంలో ఈ బండిని మించింది లేదు. టెక్కలి, పలాస, పాతపట్నం, ఎక్కడ ఆగినా స్పేర్ దొరుకుతుంది, చిన్న షెడ్డులో కుర్రాడు కూడా కళ్లు మూసుకుని విప్పి బిగించేస్తాడు. క్లచ్ కేబుల్ ఒకటి ఎక్స్‌ట్రా కొని పాతదాని పక్కనే టేపుతో కట్టి ఉంచండి, తెగితే అడవిలోనైనా ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. మైలేజ్ ఊళ్ల రోడ్ల మీద అరవై దాటుతుంది, ఘాట్‌లో బాగా పడిపోతుంది. సీటు మాత్రం గంటన్నర దాటితే నడుం పట్టేస్తుంది, దిగి టీ తాగాల్సిందే.

ఒక్కరే తిరిగేవాళ్లు, ఇంట్లో ఇలాంటి బండి ఉంటే కొత్తది కొనకండి. ఆ డబ్బుతో మంచి హెల్మెట్, రెండు మంచి టైర్లు, ప్రకాశవంతమైన లైటు వేయించుకోండి. ఇద్దరుగా కొండలెక్కాలనుకుంటే మాత్రం 150 సీసీ, ముందు డిస్క్ బ్రేకు ఉన్నది చూసుకోండి.