ఫ్రైడ్ చికెన్ మీద జోకు: నల్లజాతి స్టాండప్‌లో ఎవరి దారి మేలు?

అమెరికాలోని నల్లజాతి కమెడియన్ల దగ్గర దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ వినిపించే విషయాలు కొన్ని ఉన్నాయి. పోలీసులు కారు ఆపడం, అమ్మమ్మ చేతి దెబ్బలు, చర్చి, డబ్బు, "తెల్లవాళ్లు అలా చేస్తారు, మనం ఇలా చేస్తాం" అనే పోలిక, ఆపైన తిండి. తిండిలో ముఖ్యంగా రెండు: ఫ్రైడ్ చికెన్, పుచ్చకాయ. ఈ రెండూ కనిపిస్తే నల్లవాళ్లు ఆగలేరన్నది అక్కడ పాతుకుపోయిన మూసముద్ర. ఆ ముద్రతో ఒక్కో కమెడియన్ ఒక్కో తీరుగా తలపడ్డారు. ఒకరు తిప్పికొట్టారు, ఒకరు అసలు ముట్టుకోలేదు, ఒకరు దానితో ఆడి ఆడి చివరికి షోనే వదిలేసి వెళ్లిపోయారు. ఈ దారుల్లో ఏది మేలో తేల్చుకోవడం మనకూ అవసరమే. మనవాళ్లు ఈ షోలు నెట్‌ఫ్లిక్స్‌లోనూ రీల్స్‌లోనూ బాగా చూస్తున్నారు. అర నిమిషం ముక్క చూసి "వాళ్ల గురించి వాళ్లే చెప్పుకుంటున్నారుగా, వాళ్లంతే" అనేసేవాళ్లు చాలామంది. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. అది ఎందుకు తప్పో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

బానిసత్వం ఉన్న రోజుల్లో చాలా తోటల్లో బానిసలకు సొంతంగా పెంచుకోవడానికి మిగిలినవి కోళ్లే. 1865లో విముక్తి వచ్చాక దక్షిణాది నల్లవాళ్లు చాలామంది పుచ్చకాయలు పండించి, అమ్ముకుని తమ కాళ్ల మీద నిలబడ్డారు. అది చూసి ఓర్వలేని తెల్లవాళ్లు ఆ పండునే ఎగతాళికి గుర్తుగా మార్చి కార్టూన్లు, పోస్టుకార్డులు అచ్చువేశారు. 1915 నాటి మూకీ సినిమా 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' లో నల్లజాతి శాసనసభ్యుడు సభలోనే కూర్చుని కోడి తింటాడు. వీళ్లకు ఓటు, పదవి ఎందుకని అడగడమే ఆ దృశ్యం పని. అంతకు చాలా ముందే, 1830ల నుంచి, తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను సోమరులుగా, దొంగలుగా, తెలివిలేనివాళ్లుగా చూపించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు ఊరూరా నడిచాయి. తర్వాత నల్ల నటులకు స్టేజీ దొరికినా అదే మసి పూసుకోవలసి వచ్చింది. బర్ట్ విలియమ్స్ అంతటి నటుడికీ అది తప్పలేదు. కాబట్టి నల్ల కమెడియన్ మైకు పట్టుకునేసరికే, నోరు తెరవకముందే, హాల్లో చాలామంది తలల్లో అతని బొమ్మ ఒకటి తయారుగా ఉంటుంది.

ఆ బొమ్మను తిప్పికొట్టిన మొదటి పెద్ద పేరు డిక్ గ్రెగరీ. 1961 జనవరిలో షికాగో ప్లేబాయ్ క్లబ్‌లో, ఎక్కువమంది దక్షిణాది తెల్ల వ్యాపారులే ఉన్న ప్రేక్షకుల ముందు నిలబడి వాళ్లను నవ్వించాడు. ఆయనకు పేరు తెచ్చిన జోకు ఒకటుంది. దక్షిణాదిలో ఒక హోటల్‌కి వెళ్తే, "ఇక్కడ నల్లవాళ్లను సర్వ్ చేయం" అంటుంది అక్కడి అమ్మాయి; ఇంగ్లీషులో ఆ మాటకు నల్లవాళ్లకు వడ్డించం అనీ, నల్లవాళ్లను వండి వడ్డించం అనీ రెండర్థాలు. ఫర్వాలేదు, నేను నల్లవాళ్లను తినను, కోడిని మొత్తంగా వేయించి తీసుకురా అంటాడు. కోడి మాట తనే ఎత్తాడు, కానీ నవ్వులపాలైంది ఆ హోటల్ నియమం. చిన్న జోకే అయినా ఏ దారినైనా కొలవడానికి నాకు ఇదే కొలబద్ద: నవ్వు ఆగాక హాల్లో చిన్నబోయింది ఎవరు?

ఇక బిల్ కాస్బీ. 1960లలో ఆయన జాతి ఊసే ఎత్తకుండా చిన్ననాటి ఆటలు, అన్నదమ్ముల గొడవలు, నాన్న కోపం గురించి చెప్పి దేశమంతటినీ నవ్వించాడు. 1984 నుంచి 1992 వరకు నడిచిన ఆయన టీవీ సీరియల్‌లో తండ్రి డాక్టరు, తల్లి లాయరు. ఈ దారిలోని బలాన్ని నేను తక్కువ చేయను. నల్ల కుటుంబాన్ని మామూలు కుటుంబంగా ప్రతి వారం కోట్లమంది ఇళ్లలోకి తీసుకెళ్లడం చిన్న పనేమీ కాదు. కానీ మూసముద్రను ముట్టుకోకుండా పక్కకు తప్పుకుంటే అది చెరిగిపోదు, మరొకరి మీద పడుతుంది. 2004లో ఒక సభలో కాస్బీ పేద నల్ల కుటుంబాల పెంపకాన్ని, వాళ్ల మాటతీరును, బట్టలను, పిల్లలకు పెట్టుకునే పేర్లను దులిపేశాడు. స్టేజీ మీద జాతి మాట ఎత్తనివాడు, ఎత్తిన రోజున తెల్లవాళ్లు చెప్పే మాటలనే చెప్పాడు. ఆయన మీద చాలామంది మహిళలు చేసిన లైంగిక దాడి ఆరోపణలు, 2018లో పడిన శిక్ష, 2021లో విధానపరమైన కారణంతో అది రద్దు కావడం వేరే కథ. అదంతా తెలిశాక ఆ పాత ఆల్బమ్‌లు వినడం నావల్ల కావడం లేదు.

రిచర్డ్ ప్రయర్ మొదట కాస్బీ దారినే నడిచాడు, అచ్చం ఆయనలాగే చేసేవాడు. 1967లో లాస్ వేగాస్‌లోని అలాద్దీన్ హోటల్లో షో మధ్యలో, నేనిక్కడ ఏం చేస్తున్నానని అడిగి స్టేజీ దిగిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లలో బయటికొచ్చిన ప్రయర్ పూర్తిగా వేరే మనిషి. ఇల్లినాయిస్ రాష్ట్రం పియోరియాలో నాయనమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగినవాడు. తన చుట్టూ చూసిన తాగుబోతులు, మత్తుమందుకు బానిసలైనవాళ్లు, జూదరులు, పాస్టర్లు అందరినీ స్టేజీ ఎక్కించాడు. పైకి చూస్తే మూసముద్రలన్నీ అక్కడే ఉన్నాయి. చూసేకొద్దీ ఒక్కటీ మిగలదు. అతని తాగుబోతుకు ఒక గతం ఉంటుంది, పొగరు ఉంటుంది, సిగ్గు ఉంటుంది, ఎదుటివాడి బాధ చూసి కరిగే మనసు ఉంటుంది. ఐదు నిమిషాలు గడిచేసరికి "నల్ల తాగుబోతు" మాయమై, మనకు తెలిసిన ఒకానొక మనిషి నిలబడతాడు.

1978 డిసెంబరులో లాంగ్ బీచ్‌లో చిత్రీకరించి 1979లో విడుదల చేసిన ఆయన షోలో ఒక ఘట్టం ఉంది. దాన్ని మించింది నేను స్టాండప్‌లో చూడలేదు. పోలీసులు మెడ బిగించి ఊపిరాడకుండా చేసి చంపుతున్న తీరు గురించి చెబుతూ, ఇది మీకు తెలుసా అని హాల్లో అడుగుతాడు. తరువాత రెండు వర్గాల జవాబులూ తానే చెబుతాడు: నల్లవాళ్లు తెలుసంటారు, తెల్లవాళ్లు మాకసలు తెలియదే అంటారు. "వాళ్లు-మనం" పోలిక ఎందరో చేసి అరిగిపోయిన పద్ధతి. తెల్లవాళ్ల డ్యాన్సు, నడక, అంత్యక్రియలు అంటూ ప్రయరే సరదాగా చాలాసార్లు వాడాడు. ఇక్కడ మాత్రం ఆ పోలికతోనే, ఒకే ఊళ్లో ఒకే గాలి పీలుస్తున్నవాళ్లలో సగంమందికి మిగతా సగం చావు కబురు తెలియదని హాల్లోనే చూపించాడు.

మరో మాట. ఆయన ఆల్బమ్‌లలో, పేర్లలో కూడా, నల్లవాళ్లను అవమానించే ఆ తిట్టుపదం విచ్చలవిడిగా వినిపించేది. 1979లో కెన్యా వెళ్లొచ్చాక ఇక ఆ పదం వాడనని చెప్పి మానేశాడు. ఎన్నో వేల నవ్వులు తెచ్చిపెట్టిన పదాన్ని అలా వదులుకున్నందుకే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది.

క్రిస్ రాక్ దారి వేరు. 1996లో ఆయన్ని పెద్ద స్టార్‌ని చేసిన షోలో, నల్లవాళ్లను రెండుగా చీల్చి, పద్ధతిగా బతికేవాళ్లు ఒకవైపు, అందరికీ తలవంపులు తెచ్చేవాళ్లు ఒకవైపు అని, రెండోవాళ్లకు ఆ తిట్టుపదమే పెట్టి ఉతికి ఆరేశాడు. హాల్లో కూర్చున్న నల్లవాళ్లు పడీపడీ నవ్వారు, ఎందుకంటే అది ఇంట్లో మాట్లాడుకునే మాట. ఆ మాట వీధిలోకి వచ్చాక ఏమైందో చూడండి. తెల్లవాళ్లలో కొందరు దాన్ని బట్టీపట్టి తమ నోటితో చెప్పడం మొదలుపెట్టారు. 2005లో 'ది ఆఫీస్' సీరియల్ అమెరికా వెర్షన్‌లో ఒక తెల్ల మేనేజరు సరిగ్గా ఆ ముక్కనే సిబ్బంది ముందు అప్పజెప్పే సీను పెట్టారంటే, అది ఎంతగా పాకిందో తెలుస్తుంది. జాతి ద్వేషం ఉన్నవాళ్లు దాన్ని లైసెన్సుగా తీసుకుంటున్నారని, అందుకే మళ్లీ చేయనని రాక్ స్వయంగా చెప్పాడు. ఆ ముక్కలో నైపుణ్యం అపారం. నా దృష్టిలో దారిగా మాత్రం ఇదే అన్నిటికన్నా బలహీనం. మూసముద్రను చెరపకుండా, దాన్ని ఎవరికి వేయాలో చెబుతుంది.

అదే రాక్ 2008 షోలో న్యూజెర్సీలో తానుండే ఖరీదైన పేట గురించి చెప్పింది వినండి. అక్కడ నల్లవాళ్లు నలుగురే: తను, సినీ నటుడు ఎడ్డీ మర్ఫీ, రాపర్ జే-జీ, గాయని మేరీ జె. బ్లైజ్. నలుగురూ తమ రంగంలో శిఖరాలు. పక్కింటి తెల్లాయన ఎవరంటే పళ్ల డాక్టరు, గొప్ప పేరున్న డాక్టరు కూడా కాదు. నల్లజాతి పళ్ల డాక్టరు ఆ పేటలో ఇల్లు కొనాలంటే పళ్లనే కనిపెట్టి ఉండాలంటాడు. ఒక్క జోకులో దేశ ఆర్థిక వ్యవస్థంతా ఉంది, ఏ పేదవాడి తలా వంగలేదు.

డేవ్ షపెల్ విషయానికొస్తే మళ్లీ చికెన్ దగ్గరికి రావాలి. 2000 నాటి స్పెషల్‌లో (ఒక్కరే చేసే పూర్తి నిడివి రికార్డు షో), ఒక హోటల్లో తాను ఆర్డరు చెప్పకముందే వెయిటరు చికెన్ అని తేల్చేసిన సంగతి చెబుతాడు. రుచిగా ఉంటుంది కాబట్టి ఇష్టమనుకున్నాను, నా పుట్టుకలోనే ఉందని ఇన్నాళ్లూ తెలియలేదే అంటాడు. గ్రెగరీ చేసినట్టే ఇక్కడా నవ్వు వెయిటరు వైపు తిరుగుతుంది. నాలుగైదేళ్ల తర్వాత తన టీవీ షో మూడో సీజన్ కోసం చేసిన స్కెచ్‌లో, విమానంలో చేపా చికెనా అని అడిగినప్పుడు ఒక నల్ల ప్రయాణికుణ్ణి చికెన్ వైపు రెచ్చగొట్టే చిన్న పిశాచిగా, ముఖానికి మసి పూసుకుని, షపెలే నటించాడు. మనసులో కూర్చుని వేధించే మూసముద్రను కళ్లకు కట్టడమే ఉద్దేశం. షూటింగులో ఒక తెల్ల ఉద్యోగి నవ్విన తీరు ఆయనకు గుచ్చుకుంది. తనతో కలిసి నవ్వుతున్నాడా, తనను చూసి నవ్వుతున్నాడా అన్న అనుమానం పట్టుకుంది. 2005లో సుమారు 5 కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్న షోను వదిలి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఓప్రా విన్‌ఫ్రీ షోలో ఈ సంగతి తనే చెప్పాడు.

అదే చికెన్, అదే కమెడియన్. మరి మొదటిది నిలబడి రెండోది ఎందుకు బెడిసింది? మొదటి జోకులో ముద్ర వేసేవాడు కనిపిస్తాడు. స్కెచ్‌లో ముద్ర మాత్రమే కనిపిస్తుంది, అదీ నిండు అలంకారంతో. దాని వెనక ఉన్న చరిత్ర తెలిసినవాడు వేరే నవ్వు నవ్వుతాడు, తెలియనివాడు మసి చూసే నవ్వేస్తాడు. ఒక్క నవ్వులో ఆ తేడా పట్టిన మనిషే 2021 స్పెషల్‌లో ట్రాన్స్ వ్యక్తుల మీద అంత మొండిగా జోకులు వేయడం నన్ను నొప్పించింది. వాళ్ల చెవితో ఒకసారి విని ఉండాల్సింది.

వాండా సైక్స్ గురించి మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. 2009 స్పెషల్‌లో ఆమె, ఒబామా గెలిచాడు కాబట్టి ఇప్పుడు పుచ్చకాయ మొత్తంగా కొనుక్కోవచ్చని సంబరపడుతుంది. చిన్నప్పుడు కారులో పాట వస్తే ఊగనిచ్చేది కాదట వాళ్లమ్మ, తెల్లవాళ్లు చూస్తున్నారని. ఇందులో వేలెత్తి చూపేది ఎవరినీ కాదు, చూసే ఆ కళ్లను. పండు కొనేటప్పుడు, పాటకు తలూపేటప్పుడు కూడా జాతి మొత్తం పరువు భుజాన మోయడం ఎంత బరువో, ఆ రెండు జోకులతో ఆమె చెప్పేసింది.

నల్ల కమెడియన్లు ఎప్పుడూ అవే విషయాలు చెబుతారన్న ఫిర్యాదు తరచూ వింటుంటాం. పోలీసుల సంగతే తీసుకోండి. జేబులో చెయ్యి పెట్టబోతూ ఏం తీస్తున్నాడో పోలీసుకు మాటమాటకూ చెప్పే నల్ల డ్రైవరును ప్రయర్ 1974 ఆల్బమ్‌లోనే చూపించాడు. పట్టుబడినా భయమన్నది ఎరగని తెల్ల స్నేహితుణ్ణి షపెల్ 2000లో చూపించాడు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాక, జూన్‌లో ఒహాయోలో షపెల్ మాట్లాడిన దాంట్లో జోకులు దాదాపు లేవు. విషయం మారనప్పుడు జోకు ఎలా మారుతుంది?

తెలుగువాళ్లకు ఈ చరిత్రతో నేరుగా ఒక ముడి ఉంది. న్యూయార్క్‌లో తెలుగు దంపతులకు పుట్టి పెరిగిన కమెడియన్ హరి కొండబోలు 2017లో, 'ది సింప్సన్స్' కార్టూన్‌లోని కిరాణా కొట్టు భారతీయుడు అపూ పాత్ర మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ యాస పలికింది తెల్ల నటుడు హాంక్ అజారియా. దీన్ని మిన్‌స్ట్రెల్ చరిత్ర పక్కన పెట్టి చూడటానికి కొండబోలు వెళ్లింది నల్లజాతి నటి హూపీ గోల్డ్‌బర్గ్ దగ్గరికి. జాతి ద్వేషపు పాత బొమ్మలను ఆమె సేకరించి దాచింది. 2020లో అజారియా ఆ పాత్రకు గొంతివ్వడం మానేశాడు. మన పిల్లలు స్కూల్లో ఆ యాసతో వెక్కిరింపులు పడ్డప్పుడు ఏమనాలో చెప్పే మాటలు నల్లజాతి కళాకారులు ముందే తయారుచేసి పెట్టారు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు ఈ రుణాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఏది మేలంటే, నా ఓటు ప్రయర్‌కు. ముద్ర పడ్డ మనిషిని దాచకుండా, ఎగతాళి చేయకుండా, నిండు మనిషిగా నిలబెట్టడం అన్నిటికన్నా కష్టం. రీల్‌గా కత్తిరించినా ఆ మనిషి పూర్తిగా చెడిపోడు. తర్వాతి స్థానం సైక్స్‌ది. కొత్తగా చూసేవాళ్లు మాత్రం ఆమె 2009 స్పెషల్‌తోనే మొదలుపెడితే బాగుంటుంది. అమెరికా సంగతులు పెద్దగా తెలియకపోయినా అర్థమవుతుంది, పైగా ఇంట్లో పెద్దపిల్లలతో కలిసి ఉన్నా ప్రయర్ షో అంత ఇబ్బంది పెట్టదు. ఆ తర్వాత ప్రయర్ 1979 షో, షపెల్ 2000 స్పెషల్. క్రిస్ రాక్‌ని 2008 షోతో మొదలుపెట్టి, పళ్ల డాక్టరు జోకు విన్నాకే 1996కి వెళ్లండి. ఆ పాత ముక్కను మాత్రం రీల్‌లో చూడొద్దు, చూస్తే గంటా పూర్తిగా చూడండి.