గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్: ఒకే కత్తి, రెండు మరణాలు

కథంతా బయటపెట్టేస్తాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. 2011లో అమెరికా ఛానెల్ హెచ్‌బీఓలో మొదలైన ఈ సిరీస్‌ని ఈమధ్యే మూడోసారి చూశాను. ఏం జరుగుతుందో తెలుసు, అయినా ఉత్తరాన్ని ఏలే ప్రభువు నెడ్ స్టార్క్ బతుకుతాడని మొదటిసారి అంత గట్టిగా ఎందుకు నమ్మానో తెలుసుకోవాలనిపించింది.

ఆ సీజన్ పోస్టర్‌లో ఇనుప సింహాసనం మీద కూర్చుంది ఆయనే. టైటిల్స్‌లో మొదటి పేరు ఆ పాత్ర వేసిన షాన్ బీన్‌దే. రష్యన్ పరిశోధకుడు వ్లదిమీర్ ప్రాప్ 1928లో జానపద కథల్ని విప్పి చూసి, నాయకుడు, ప్రతినాయకుడు, సాయం చేసేవాడు, రాకుమారి ఇలా ఏడు రకాల పాత్రలే తిరుగుతుంటాయని చెప్పాడు. పేదరాశి పెద్దమ్మ కథలు విని పెరిగినవాళ్లకి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, నాయకుడు ఎవరో చూడగానే తెలిసిపోతుంది, వాడు చావడు. సరిగ్గా ఆ నమ్మకాన్నే తొమ్మిదో ఎపిసోడ్‌లో నరికేశారు.

మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. పారిపోయి వచ్చిన సైనికుడికి నెడ్ శిక్ష వేసి, తన కత్తితో తనే తల తీస్తాడు. పక్కన ఆయన పదేళ్ల కొడుకు బ్రాన్, చూపు తిప్పుకోవద్దని వాడికి అన్న జాన్ చెప్తాడు. తొమ్మిదో ఎపిసోడ్‌లో అదే కత్తి ఇంకొకడి చేతిలో ఉంటుంది, తల నెడ్‌ది, గుంపులో ఆయన చిన్న కూతురు ఆర్యా, ఆమెని పట్టుకున్న నెడ్‌కి తెలిసిన యోరెన్ మాత్రం చూడొద్దంటాడు. అక్కడ ఉత్తరాన బూడిదరంగు వెలుతురు, నిశ్శబ్దం, ఇక్కడ ఎండ, అరుపులు. చివర్లో ఆ అరుపులు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తూ నెడ్ ఊపిరి మాత్రం మన చెవిలో పడుతుంది, కత్తి దిగాక ఆర్యాతో పాటు మనకీ కనిపించేది ఎగిరిపోతున్న పక్షులే. నాకు గొంతు పట్టేసింది, మూడోసారి కూడా.

ఇంత జాగ్రత్తగా అల్లినవాళ్లు చివరికి అంత తొందరపడ్డారంటే ఇప్పటికీ బాధగానే ఉంది. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాన్ బార్త్ కథల్లో ఎనిగ్మా కోడ్ అని ఒకటుంటుందంటాడు, ఒక ప్రశ్న విసిరి జవాబు కోసం మనల్ని పరిగెత్తించడం. మొదటి సీన్‌లోనే మంచుగోడ అవతల శవాలు, వాటి వెనకున్న ఆ తెల్లటి ఆకారాలు, అదే ఈ సిరీస్ వేసిన అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 2019లో దాన్ని ఒక్క రాత్రి యుద్ధంలో, ఒక్క కత్తిపోటుతో ముగించేశారు, అది కూడా ఎవరు ఎవరో తెలియనంత చీకట్లో. మొదటి ఆరు సీజన్లకి పదేసి ఎపిసోడ్లు, చివరిదానికి ఆరు. కథకి ఊపిరి తీసుకునే చోటే లేకుండా పోయింది.

అయినా మొదటి సీజన్‌కి నా దగ్గర ఐదుకి ఐదే. హింస, శృంగారం బాగా ఎక్కువ, పిల్లలు నిద్రపోయాకే పెట్టుకోండి. ఇప్పటికే చూసినవాళ్లు ఒకటో ఎపిసోడ్, తొమ్మిదో ఎపిసోడ్ ఒకే రాత్రి వరసగా చూడండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.