ఇద్దరు పట్టే మాటు గుడారం: మా అమ్మాయితో ఎన్నో సీజన్లు వాడాక

విల్లుతో జింక వేటకు వెళ్లాలనుకునే తండ్రీబిడ్డలు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: చెరొక మంచె కొనకండి, ఇద్దరూ పట్టే గుడారం ఒకటి కొనండి. ఇక్కడ అమెరికాలో దాన్ని బ్లైండ్ అంటారు. గోడల మధ్యలో ఉన్న తాడు పట్టి బయటికి లాగితే గొడుగులా విచ్చుకుంటుంది. టెక్సస్‌లో, లానో కౌంటీలో మా కుటుంబానికి కొంత రాతి నేల ఉంది. జింకలకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడి లైవ్ ఓక్ చెట్లు పొట్టిగా, వంకరగా పెరుగుతాయి. నిచ్చెన మంచె ఆనించడానికి తిన్నని మాను దొరకడమే కష్టం. పైగా చెరో చెట్టూ ఎక్కి కూర్చుంటే కలిసి వెళ్లినట్టేం ఉంటుంది?

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ఆ కోర్సు ఇద్దరం కలిసే చేశాం. లైసెన్సుకు తోడు ఆర్చరీ అనుమతి విడిగా తీసుకోవాలి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం కాబట్టి ఊళ్లో చుట్టాలు మొదట కంగారుపడ్డారు. ఇక్కడ సీజను, పరిమితి, కొట్టిన జింకకు కట్టే ట్యాగు అన్నీ ఉంటాయని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. విల్లు సీజను అక్టోబరు అటూ ఇటూగా మొదలై, నవంబరు మొదటి శనివారం తుపాకులు దిగేదాకా ఉంటుంది.

గుడారం లోపలంతా నలుపు. అందుకే మనమూ నల్ల చొక్కాలు, నల్ల చేతి తొడుగులు వేసుకోవాలి. ఆకుల బొమ్మల బట్టలు అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వెనక కిటికీలు మూసే ఉంచాలి, లేకపోతే వెనక వెలుతురులో మన కదలికలు తెలిసిపోతాయి. సీజనుకు కొన్ని వారాల ముందే వేసి, చుట్టూ సీడర్ కొమ్మలు కట్టాలి. కొత్తగా మొలిచిన దేన్నీ తెల్లతోక జింక ఊరికే నమ్మదు. గుడారం మనిషి వాసన బయటికి పోనివ్వదని అమ్మేవాళ్లు చెప్పే మాట మాత్రం నమ్మకండి. గాలి మన మీదుగా జింక వైపు వీస్తుంటే ఆ పూట అక్కడ కూర్చోవడం దండగ.

మా ఇద్దరివీ కాంపౌండ్ విల్లులు, అంటే పైకొసనా కిందికొసనా చక్రాలుండేవి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఇలాంటి విల్లుతోనే; మా అమ్మాయికి ఆమె అంటే ప్రాణం. పూర్తిగా లాగాక చేతి మీద బరువు చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి జింక పక్కకు తిరిగేదాకా నారి పట్టుకుని ఆగొచ్చు. గుడారంలో ఒక సంగతి చూసుకోవాలి. కంటిచూపు కంటే బాణం కొన్ని అంగుళాలు కిందుగా వెళ్తుంది. గురి స్పష్టంగా కనబడుతున్నా ములికి కిటికీ అంచు గుడ్డను చీల్చవచ్చు. అందుకే కుర్చీ ఎత్తు, కిటికీ అడుగు ముందే సరిచూసుకోవాలి. కింది చక్రం మోకాలికి తగలకూడదు.

లోపల మా పద్ధతి: బాణం ఎక్కించేది ఒక్కరే. రెండోవాళ్ల చేతిలో దూరం కొలిచే యంత్రం, బైనాక్యులర్. ఇరవై గజాలు దాటితే మేం బాణం వదలం. జింక అడ్డంగా గానీ, కాస్త అవతలికి తిరిగి గానీ నిలబడాలి. ఒకసారి నేను నారి లాగి ఉండగా "నాన్నా, ఆగు, వెనకాల ఇంకోటి ఉంది" అని అమ్మాయి గొణిగింది. బాణం ఒకదాని గుండా దూసుకుపోయి రెండోదానికి తగలొచ్చు. దించేశాను. మంచె మీద ఒంటరిగా ఉంటే ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. బాణం తగిలాక కనీసం అరగంట కదలం. తర్వాత చివరి నెత్తుటి చుక్క దగ్గర ఒకరు నిలబడితే రెండోవాళ్లు ముందుకు వెతుకుతారు. జాడ తప్పిపోకుండా ఉండటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఆస్టిన్‌లో ఉద్యోగం చేసే పిల్ల. ఫోన్లో మాట్లాడితే రెండు నిమిషాలు. ఈ గుడారంలో మాటల్లేకుండా గంటలు గంటలు నా పక్కన కూర్చుంటుంది. ఆ గంటల కోసమే నేను దీన్ని ఇంతగా మెచ్చుకుంటున్నాను.

లోపాలున్నాయి. టెక్సస్ ఎండకు పైకప్పు రంగు వెలిసి, గుడ్డ చివికిపోయింది. సీజను అయ్యాక విప్పి షెడ్డులో పెట్టాల్సిందే. ఫైబర్ కడ్డీ ఒకటి విరిగితే విడిగా తెప్పించి మార్చాను. తెల్లవారుజామున జిప్పు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది, కిటికీలు చీకట్లోనే తెరిచేసుకోవాలి. దాంతో వచ్చే మేకులు రాతినేలలో దిగవు, మేం ఇనుప టీ పోస్టులకు కట్టాం. ఆవులు మేసే చోటైతే చుట్టూ తీగ వేయండి, ఒళ్లు రుద్దుకుని కూలగొడతాయి. కూర్చునే ముందు టార్చి వేసి కుర్చీల కింద తేళ్లు, నిప్పుచీమలు ఉన్నాయేమో చూడండి.

అక్టోబరులో కూడా అక్కడ వేడి ఎక్కువే. కాబట్టి ఐసు నింపిన పెట్టెలు ట్రక్కులో సిద్ధంగా ఉండాలి, జింక దొరికాక మాంసం చల్లబరచడంలో ఆలస్యం పనికిరాదు. వీపు కండలో కొవ్వుండదు; ఎక్కువసేపు వేపితే చెక్క అయిపోతుంది. మా ఆవిడ దాన్ని మిరియాల వేపుడు చేసి త్వరగా దించేస్తుంది. కాళ్ల మాంసం మాత్రం అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి కుక్కర్లో పెడుతుంది.